డ్రోన్ చూపించిన చల్లని చోటు

మా అత్త ఎలా పోయిందో చెప్పాలంటే ముందు ఆ గోడ సంగతి చెప్పాలి. గోడ సంగతి చెప్పాలంటే మా పని సంగతి చెప్పాలి. ఆ రెండూ తెలియకపోతే, తాడు కట్టిన చోటికి పోయి కూర్చోవడమేమిటి, ఆ మాత్రం తెలివి లేదా అంటారు. ఇప్పటికే చాలామంది అన్నారు.

గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే రోడ్డు వెంట కోల్డ్ స్టోరేజీలు ఉంటాయి. బస్సులో పోయేవాళ్ళకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎత్తుగా గోడ లేచి ఉంటుంది. దానికి కిటికీ ఉండదు, బాల్కనీ ఉండదు, బట్టలు ఆరేసిన తీగైనా ఉండదు. లోపల ఉండేవి మిరపకాయల టిక్కీలు. కాయలు కుక్కిన గోతాం బస్తాను మా వైపు టిక్కీ అంటాం. ధర లేదని రైతు దాచుకున్నవి, ధర పెరుగుతుందని వ్యాపారి దాచుకున్నవి, లోపల పక్కపక్కనే పడుకుని ఉంటాయి. అక్కడ పళ్ళు కొట్టుకునేంత చలి. బయట మే నెల. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ గోడ నీడలోనే మా ముఠా కూర్చునేది.

ముఠా అంటే అంతా మా కాలనీ ఆడవాళ్ళమే. ఆదివారం ఒకే చర్చికి పోతాం, మిగతా రోజులు ఒకే ఆటోలో పనికి పోతాం. మా మేస్త్రి కూడా ఆడమనిషే, నాకు వరసకు వదిన. పని, మిరపకాయలకు తొడిమలు తీయడం. కాయను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి బొటనవేలి గోటితో తొడిమను తుంచాలి. కాయ ఒక గుట్ట, తొడిమలు ఒక గుట్ట, రంగు పోయి తెల్లబడిన తాలు కాయలు ఇంకో గుట్ట. చూసేవాళ్ళకు ఇదేం పని, కూర్చుని చేసేదే కదా అనిపిస్తుంది. ఒక్క పూట చేస్తే తెలుస్తుంది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటాం, అయినా దగ్గు ఆగదు. చేతులకు పొద్దున్నే ఆముదం రాసుకుని వస్తాం. మధ్యాహ్నానికి ఆముదం అంతా కాయలకు అంటుకుపోయి, మంట మొదలవుతుంది. ఆ మంట వేళ్ళ చివర పుట్టి, గోళ్ళ కిందికి పోయి, అరచేతిలోకి వచ్చి కూర్చుంటుంది. నీళ్ళతో కడిగితే ఇంకా రాజుకుంటుంది.

నా పెద్దపిల్ల చంటిదిగా ఉన్నప్పుడు ఒకసారి పని నుంచి రాగానే, పాలకు ఏడుస్తోందని తీసుకున్నాను. చేతులు కడుక్కునే తీసుకున్నాను. పిల్ల బుగ్గ మీద నా వేళ్ళు ఎక్కడ తగిలాయో అక్కడ ఎర్రగా అచ్చులు పడ్డాయి. గుక్కపట్టి ఏడ్చింది. మా అత్త పరుగున వచ్చి పిల్లను లాక్కుని, బుగ్గకు వెన్న రాసి, నన్నేమీ అనకుండా, "తప్పు నీది కాదులేవే, ఆ కాయలది" అంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నోటికి హడలిపోయేదాన్ని. ఆ రోజు నుంచీ భయం పోయింది. పోట్లాట మాత్రం పోలేదు. ఉప్పు దగ్గర్నుంచి ప్రార్థన దాకా అన్నింటికీ ఇద్దరం వాదించుకునేవాళ్ళం. ముఠాలో మాత్రం ఒకరి పక్కనే ఒకరం కూర్చునేవాళ్ళం.

చేతులు గోడకు ఆనించడం నాకు నేర్పింది కూడా ఆమే. మొదటి ఏడు మంట తట్టుకోలేక నేను చేతులు విదిలించుకుంటుంటే, నా రెండు మణికట్లూ పట్టుకుని లేపి, అరచేతులు తీసుకుపోయి గోడకు అదిమిపెట్టింది. గోడ చల్లగా ఉంది. కుండలా చల్లగా, తడి లేకుండా. మంట గోడలోకి దిగిపోతున్నట్టు అనిపించింది. ముఠాలో అందరూ అదే చేసేవాళ్ళు. పని మధ్యలో ఎవరో ఒకరు లేచి, రెండు అరచేతులూ గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాళ్ళు. మా పాస్టరు గారు ఒకసారి స్కూటరు మీద అటుగా పోతూ, వరసగా నిలబడ్డ మమ్మల్ని చూసి బండి ఆపారు. "మందిరంలో కూడా ఇంత భక్తిగా నిలబడరు గదమ్మా మీరు!" అన్నారు. మా అత్త కళ్ళు తెరవకుండానే, "మందిరం గోడ కూడా ఇంత చల్లగా ఉంటే నిలబడతామయ్యగారూ" అంది.

మాకు కూర్చోవడానికి రేకుల షెడ్డు లేకపోలేదు. మే నెలలో ఆ రేకుల కింద కూర్చుంటే అట్ల పెనం మీద కూర్చున్నట్టే. అందుకని పొద్దున పడమటి వైపు, మధ్యాహ్నం తూర్పు వైపు, నీడ ఎటు తిరిగితే అటు గోనెపట్టాలు ఈడ్చుకుంటూ గోడ చుట్టూ తిరిగేవాళ్ళం.

పోయినేడాది ఎండలు ముదిరాక, అక్కడి మేనేజరు గారు రోజూ చిరాకుగా కనిపించేవాడు. మిషన్లు ఆగకుండా తిరుగుతున్నాయని, కరెంటు బిల్లు మోత మోగిపోతోందని, ఓనరు గారు ఫోన్లోనే తిడుతున్నారని వదిన వినుకొచ్చి చెప్పింది. చలి ఎక్కడో బయటికి పోతోందట, ఎక్కడో తెలియడం లేదట.

ఇదివరకు గోడ చూడాలంటే సరుగుడు కర్రలు కట్టేవాళ్ళు. తాపీమేస్త్రి పైకి పాకి, చెక్క సుత్తితో టకటకా కొట్టుకుంటూ పోయేవాడు. కర్రలు దింపుకునేటప్పుడే "పక్కకు పోండమ్మా, పక్కకు పోండి" అని మమ్మల్ని లేపేసేవాళ్ళు. పని అయ్యేదాకా అటు పోనిచ్చేవాళ్ళు కాదు. ఈసారి కర్రలు రాలేదు. ఒక పొద్దున, ఎండ ఇంకా ఎక్కక మేం తూర్పు వైపే కూర్చుని ఉండగా, చిన్న కారులో ఒక మనిషి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. నల్లపెట్టె తెరిచి, అందులోంచి నాలుగు రెక్కల డ్రోన్ తీసి నేల మీద పెట్టాడు. అది జుయ్యిమని లేచింది.

డ్రోన్ మాకు కొత్త కాదు. పొలాల్లో మిరపకూ పత్తికీ మందు కొట్టడానికి వస్తుంది. అది వచ్చిందంటే కూలీలం గాలికి ఎదురు పరిగెత్తుతాం, అన్నం గిన్నెల మీద ఏది దొరికితే అది కప్పుతాం. ఆ అలవాటే మాకు. అది ఇలా లేచిందో లేదో మా అత్త కేక పెట్టింది.

"ఒసేయ్, మందు కొట్టేదొచ్చిందే! కారేజీలు మూయండే!"

అందరం కారేజీల మీద కొంగులు కప్పి, వాటి మీద బోర్లా పడ్డంత పని చేశాం. వదిన మాత్రం లేచి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏవయ్యా, నీకు పొలం ఎక్కడుందో కనపళ్ళేదా? గోడకి తామరపురుగు పట్టిందా ఏంది, మందు కొట్టడానికి?"

అతనికి నవ్వొచ్చింది. "మందు లేదమ్మా ఇందులో. కెమెరా. గోడకి ఫొటోలు తీస్తది."

"గోడకి ఫొటోలెందుకు? పెళ్ళిచూపులా?"

"చలి ఎటు పోతందో చూడ్డానికమ్మా. మీరు భయపడమాకండి. నేనూ పత్తికి మందు కొట్టి కొట్టి ఈ పనిలోకొచ్చినోణ్ణే."

మనవాడే అనిపించింది. కొంగులు తీసి మళ్ళీ పనిలో కూర్చున్నాం. డ్రోన్ గోడ వెంట పైకి పోయింది, పక్కకు జరిగింది, కిందికి దిగింది, మళ్ళీ పైకి పోయింది. ఇంటికి సున్నం వేసేవాడి చెయ్యిలా వరస తప్పకుండా తిరిగింది. మా తలల మీదికి వచ్చినప్పుడు తొడిమల గుట్ట ఎగిరి మా మొహాల మీద పడింది. అందరం దగ్గాం, తిట్టాం. అంతే.

పని అయ్యాక అతను కారు బానెట్ మీద పలకంత తెర పెట్టుకుని చూసుకుంటుంటే మేం చుట్టూ మూగాం. అతను విసుక్కోలేదు. గోడంతా పచ్చపచ్చగా, అక్కడక్కడా ఎర్రగా, ఒక పక్కన నీలంగా కనిపించింది. వేడి ఉన్నచోట ఎరుపు, చలి ఉన్నచోట నీలం అని చెప్పాడు. బొమ్మ అడుగున ఎర్రటి ముద్దలు వరసగా ఉన్నాయి.

"అయ్యేంది నాయనా, మిరపకాయల కుప్పలా?" అని అడిగింది వదిన.

"అయ్యి మీరేనమ్మా. మనుషులు వేడిగా ఉంటారు గదా."

ఒకటే నవ్వులు. నేను ఎక్కడ, నువ్వు ఎక్కడ అని వేళ్ళు పెట్టి వెతుక్కున్నాం. ఆ నవ్వుల్లో మా అత్త అందరినీ తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"అది సరే గానీ అబ్బాయ్, గోడ మొత్తం మీద చల్లదనం ఎక్కడ జాస్తిగా ఉందో చెప్పు."

అతను తెర మీద వేలు పెట్టాడు. "ఇదిగో మామ్మా, ఈ నీలం అంతా. పైన వాననీళ్ళ పైపు ఉంది చూడు, దాని పక్కనుంచి కిందిదాకా దిగింది. లోపల చలి ఆపే థర్మోకోల్ పాడైపోయినట్టుంది. చలి గోడలోకి కారతంది, గోడ చెమ్మ పడతంది. గోడకి మంచిది కాదు మామ్మా ఇది."

"గోడకి కాకపోతే మాకు మంచిదేలే నాయనా" అంది మా అత్త.

అతనూ నవ్వాడు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నీడ తూర్పుకు తిరగగానే మా అత్త తన గోనెపట్టా చంకలో పెట్టుకుని, వాననీళ్ళ పైపు చూసుకుంటూ నడిచి, దాని పక్కన పరుచుకుంది. వీపు గోడకు ఆనించింది. తల కూడా ఆనించింది. "ఒసే పిల్లా, నిజమేనే! ఇక్కడ ఐసుగడ్డలా ఉంది, రా!" అని నన్ను పిలిచింది. నేనూ పోయి చెయ్యి పెట్టి చూశాను. మిగతా గోడకూ ఆ చోటుకూ పోలికే లేదు. ఎన్నేళ్ళు ఆ గోడ చుట్టూ తిరిగాం, ఆ చోటు ఇంత చల్లగా ఉంటుందని ఎవరికీ తెలియలేదు. అంతకుముందు ఆ పైపు పక్కన బురదగా ఉంటుందని ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మా అత్త బురద మీద తాలు కాయల గోతాలు రెండు వేసి చదును చేసుకుంది.

ఇక ఆ చోటు కోసం పోటీ మొదలైంది. పెద్దది కాబట్టి మా అత్తను ఎవరూ కదిలించలేకపోయారు, ఆమెకు అటూ ఇటూ కూర్చోవడానికే కొట్లాట. "ఏసీ రూము దొరసాని లేచిందా, కూర్చుందా?" అని వదిన ఎకసెక్కాలాడేది. మా అత్త తిరిగి, "కావాలంటే నువ్వూ డ్రోను పిలిపించుకుని ఇంకో రూము వెతుక్కో" అనేది. అలవాటైన మనుషుల మాటలు. సాయంత్రం ఆటోలో ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయేవాళ్ళే.

ఆ ఎండాకాలంలో మా అత్త చేతులకు కొంచెం సుఖం దొరికింది. అది నేను కళ్ళారా చూశాను. అంతకుముందు ఇంటికి రాగానే పెరుగు గిన్నెలో వేళ్ళు ముంచుకుని కూర్చునేది, అన్నం నేను కలిపి పెడితే చెంచాతో తినేది. ఆ చోట కూర్చోవడం మొదలుపెట్టాక తన చేత్తో తానే కలుపుకుని తినడం మొదలుపెట్టింది. "చూడవే, ముద్ద కలుపుతున్నా" అని చిన్నపిల్లలా చూపించింది.

కొన్నాళ్ళకు మేం పనికి పోయేసరికి వాననీళ్ళ పైపు దగ్గర తాడు కట్టి ఉంది. ఇటు ఒక ఇనప చువ్వ, అటు ఒక ఇనప చువ్వ పాతి, మధ్య పురికొస లాగి, దానికి ఎర్రగుడ్డ పీలికలు కట్టారు. మేనేజరు గారు నిలబడి కట్టించాడట. వదిన పోయి అడిగింది. నేనూ పక్కనే ఉన్నాను.

"ఏందండీ, మా చోట తాడు కట్టారు?"

"అక్కడ కూర్చోవద్దు."

"ఎందుకండీ?"

"చెప్పింది వినండమ్మా. ఓనరు గారి ఆర్డరు. ఇటువైపు బోలెడంత నీడుంది కదా, కూర్చోండి." ఫోను మోగింది. చెవికి పెట్టుకుని లోపలికి పోయాడు.

అంతే చెప్పాడు. గోడ పెచ్చు లేచిందని చెప్పలేదు. మీద పడుతుందని చెప్పలేదు. చెబితే మేం వినకపోయేవాళ్ళమా? పిల్లలున్నవాళ్ళం.

చెప్పకపోతే మనిషి తనకు తెలిసినదాన్ని బట్టి అర్థం చేసుకుంటుంది. మాకు తెలిసింది ఏమిటంటే, ఆఫీసు గది ముందు చల్లనీళ్ళ మిషను పెట్టి, మేం వాడుకుంటున్నామని దాన్ని లోపలికి మార్చారు. షెడ్డులో ఫ్యాను వేస్తే కాయ దుమ్ము లేస్తుందని వైరు పీకేశారు. మధ్యాహ్నం తిండివేళ వదిన చుట్టూ కూర్చుని అందరం అదే మాట్లాడుకున్నాం.

"ఆ డ్రోను పిలిపించింది దేనికి? కరెంటు బిల్లుకి" అంది మా అత్త. "చలి బయటికి పోతందన్నాడు. ఎవరు తీసుకుపోతన్నారు? మనమే. గోడకి ఆనుకుని మనం చలవ లాగేస్తన్నామని వీళ్ళ ఏడుపు."

"అట్టా పోద్దా అత్తా, మనం ఆనుకుంటే?" అన్నాను.

"ఏమో. వాళ్ళు పోద్దనుకుంటన్నారుగా. లేకపోతే ఆ ఒక్క చోటే ఎందుకు కట్టారు తాడు? నీలంగా ఉన్న చోటే కట్టారు. చూసుకో."

నిజమే, సరిగ్గా నీలం ఉన్న చోటే కట్టారు. అందరికీ ఆ మాట నమ్మేలా ఉంది. వదిన కూడా, "పై నుంచి కింద దాకా పిసినారులే" అని ఊరుకుంది.

మొదట్లో తాడు దాటలేదు. తర్వాత ఎండ ఇంకా పెరిగింది. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే ఎండ. ఒక మధ్యాహ్నం మా అత్త లేచి, తాడు కింద నుంచి వంగి, అవతలికి పోయి గోడకు చేతులు ఆనించి నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు పట్టా కూడా తీసుకుపోయింది. ఆ తర్వాత ఆ తాడుకే మా కారేజీ సంచులు తగిలించుకునేవాళ్ళం. మేనేజరు గారు ఒకటి రెండుసార్లు చూసి, "చెబితే వినరు" అని విసుక్కుని పోయాడు. సరుకు బయటికి పోతున్న రోజులు, అతనికి క్షణం తీరిక లేదు. గోడ బాగుచేయడం సరుకు ఖాళీ అయ్యాక వానాకాలంలో అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ రోజు నేను వదినతో కాటా దగ్గర ఉన్నాను. తొడిమ తీసిన కాయలు తూకం వేయిస్తున్నాం. కాటా నుంచి చూస్తే గోడ మొత్తం కనిపిస్తుంది. తిండి తిన్న తర్వాత వేళ, చాలామంది ఇవతల నీడలో కునుకు తీస్తున్నారు. మా అత్త మాత్రం మెలకువగా ఉంది. పట్టా మీద మోకాళ్ళు వేసి, గోడ వైపు తిరిగి, రెండు చేతులూ ఆనించి ఉంది. పైన ఎక్కడో ఇసుక రాలినట్టు చప్పుడైంది. నేను తల ఎత్తి చూశాను. గోడ మీద ఒక గీత కనిపించింది. తలుపు తెరుచుకున్నప్పుడు చీకటి గీత కనిపిస్తుందే, అలాంటిది. "అత్తా!" అని అరిచాను. ఆమె నా వైపు తల తిప్పింది. గోడ వైపు చూడలేదు, పైకి చూడలేదు, పిలిచింది నేను కాబట్టి నా వైపు చూసింది. అంతలో ఆ పెచ్చు, ఇంత మందం సిమెంటు పలక, దాని వెనక కొన్ని ఇటుకలు, జారి వచ్చేశాయి.

టిక్కీ పడినట్టు మెత్తగా చప్పుడైంది. దుమ్ము లేచింది, దుమ్ముతో పాటు కారం లేచింది. మేం పరుగెత్తుకుపోయి చేతులతో పెళ్ళలు లాగుతుంటే ఎవరికీ కళ్ళు తెరవడం కాలేదు. తడుముకుంటూ లాగాం. ఆ పెళ్ళలు లోపలి వైపు చల్లగా, తడిగా, నల్లగా బూజు పట్టి ఉన్నాయి.

సరుకు తీసుకుపోవడానికి వచ్చిన వ్యానులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. తల నా ఒళ్ళో ఉంది. స్పృహ ఉంది. "నడుం కింద ఏం తెలవటం లేదే" అంది. కాసేపటికి, "చేతులు మండుతున్నాయే" అంది. నేను ఊదాను. ఆస్పత్రి దాకా ఊదుతూనే ఉన్నాను. అక్కడ లోపలికి తీసుకుపోయారు. మా ఆయన మిర్చి యార్డులో హమాలీ. కబురు అందగానే భుజం మీద గోతాం గుడ్డతోనే పరుగెత్తుకొచ్చాడు. తల్లితో మాట్లాడటానికి వీలు దొరకలేదు.

ఇంటికి తెచ్చాక మేం ఆడవాళ్ళమే స్నానం చేయించాం. జుట్టు విప్పి నీళ్ళు పోయగానే జుట్టులోంచి మిరప ఘాటు లేచింది. జన్మంతా ఆ పనిలో ఉన్న మనిషి, ఆ కారం ఎక్కడికి పోతుంది. గదిలో ఉన్న వాళ్ళందరం దగ్గుతూనే ఉన్నాం, ముక్కులు తుడుచుకుంటూనే ఉన్నాం. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి కళ్ళు మండుతున్నాయో తెలియలేదు. చివరికి నేను ఆమె రెండు చేతులకూ ఆముదం రాశాను.

ఆ తర్వాత పెద్దమనుషులు వచ్చారు, మాట్లాడుకున్నారు. ఆ లెక్కలు నేను చెప్పను. "తాడు కట్టాం కదండీ, కట్టినా లోపలికి పోతే మేమేం చేస్తాం?" అన్న మాట మాత్రం మేనేజరు గారు వచ్చిన వాళ్ళందరితోనూ అన్నాడు. విన్నవాళ్ళందరూ తల ఊపారు. తాడు ఉన్నమాట నిజమే కదా మరి.

పెద్దకర్మం ప్రార్థన కూటం అయిన తర్వాత ఒక సాయంత్రం డ్రోన్ అతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కారు కాలనీ బయటే పెట్టి నడిచి వచ్చాడు. గుమ్మం ముందు చెప్పులు విప్పి నిలబడ్డాడు. కుర్చీ వేశాను, కూర్చోలేదు. మా ఆయన మంచం మీద నుంచి లేవలేదు.

"మొన్ననే తెలిసిందండీ" అన్నాడు. "మామ్మ అని తెలవగానే రాకుండా ఉండలేకపోయాను."

నేను మంచినీళ్ళు ఇచ్చాను. తాగాడు.

"నేను రాశానండీ రిపోర్టులో. పెచ్చు లేచింది, ఊడి పడొచ్చు, కింద ఎవర్నీ ఉండనీయొద్దని రాశాను."

"ఎందులో రాశావు?" అన్నాడు మా ఆయన.

"అంటే... ఇంగ్లీషులోనండీ. రిపోర్టులన్నీ అట్టాగే ఇస్తాం."

"అది ఇంగ్లీషులో రాశావు. అక్కడ చల్లగా ఉంటదని మా అమ్మకి తెలుగులో చెప్పావు."

అతను తల దించుకున్నాడు. నాకు అతని మీద కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ అతని పాదాలు చూశాను. ఎండలో చెప్పులు లేకుండా నిలబడి, ఒక పాదం మీద ఒక పాదం మార్చుకుంటున్నాడు. లోపలికి రా అనాలని కూడా మాకు తోచలేదు.

"ఆ ఫొటోల్లో మేం కూడా పడ్డాం కదా అబ్బాయ్" అన్నాను. "కింద ఇంతమంది కూర్చుని ఉన్నారని ఆ ఓనరు గారు చూళ్ళేదా?"

గ్లాసు చేతిలోనే పెట్టుకుని చెప్పాడు. "రిపోర్టులో గోడ వరకే ఉంచుతామమ్మా. కింద బళ్ళు, మనుషులు పడితే కత్తిరించేస్తాం. చూసేవాళ్ళకి శుభ్రంగా ఉండాలని."

మా ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అతను గ్లాసు అరుగు మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

వానలు పడ్డాయి, సరుకు ఖాళీ అయింది, గోడ బాగుచేశారు. ఈసారి కర్రలు కట్టారు. పాత ప్లాస్టరింగు అంతా చెక్కేసి, లోపల కొత్త థర్మోకోల్ వేసి, మళ్ళీ సిమెంటు చేసి తెల్లరంగు కొట్టారు. ఎక్కడ పెచ్చు ఊడిందో ఇప్పుడు చూస్తే తెలియదు. పని అయ్యాక డ్రోన్ మళ్ళీ వచ్చి చూసిపోయిందట. దాన్ని తెచ్చింది అతనో ఇంకెవరో నేను అడగలేదు.

నేను కొన్నాళ్ళు పనికి పోలేదు. పత్తి తీతకు పోయాను, తర్వాత అదీ లేకపోయింది. మిరప రాగానే వదిన ఆటో మా గుమ్మం ముందు ఆపి, దిగకుండానే, "నీ ఇష్టమే" అంది. ఎక్కాను. ఎక్కకపోతే ఇంట్లో ఏం చేయాలి. గోనెపట్టా తీసుకుని ఆ గోడకు దూరంగా, ఎండ కొంచెం పడే చోట కూర్చున్నాను. కొత్తగా చేరినవాళ్ళు కొందరు ఉన్నారు, వాళ్ళకు జరిగింది తెలుసు, అందుకని వాళ్ళూ నా పక్కకే జరిగి కూర్చున్నారు.

ఎండలు ముదిరాక చేతుల మంటకు ఒకామె తట్టుకోలేకపోయింది. లేచి, భయం భయంగా పైకి చూసుకుంటూ పోయి, గోడకు అరచేతులు ఆనించింది. వెంటనే తీసేసింది. ఇంకో చోట పెట్టి చూసింది, ఇంకో చోట పెట్టి చూసింది. తిరిగి వచ్చి, "కాలిపోతంది" అంది. మేమూ ఒక్కొక్కరం పోయి చూశాం. నిజమే. లోపలి చలి లోపలే ఉంది, చుక్క బయటికి రావడం లేదు. పొద్దున్నుంచీ ఎండ తాగిన గోడ, అన్ని గోడల్లాగే కాలుతోంది.

"పోతా పోతా చలవ కూడా మూటగట్టుకుపోయింది మీ అత్త" అంది వదిన.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. వదిన తన ఆముదం సీసా తీసి నా చేతిలో పెట్టింది. నేను రాసుకుని పక్కామెకు ఇచ్చాను. కాటా వాడు కేకేశాడు, కాయలు ముందుకు లాక్కున్నాం.